గుహలో పాప

సినిమా అయ్యాక రిక్షాలో మా అమ్మ లీలావతిది ఒకటే గోల. "ఇది అది కాదే ఎస్తేరూ. వీళ్ళకి అసలు కథే మాలూమ్ లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆసుపత్రిలో డ్యూటీ దిగి, నిద్ర మానుకుని మ్యాట్నీకి తీసుకొచ్చాను. పాత సినిమాని మళ్ళీ తీశారని, ఈసారి హిందీలో కూడా వచ్చిందని తెలిసి వారం రోజులు ప్రాణం తీసింది. తీరా చూస్తే పేరు గొప్ప ఊరు దిబ్బ. దయ్యం రబ్బరు బొమ్మలా ఉంది. నిధి కోసం వెళ్ళినవాళ్ళు పరిగెత్తడం తప్ప ఏమీ చెయ్యరు. అమ్మ బాధ అది కాదు. చివర్లో గుహలో దొరికిన పాప చచ్చిపోయిందన్నారు. పాప బతకాలి కదా అంటుంది.

పాతది డెబ్భై ఒకటిలో ఇంగ్లీషులో వచ్చింది. రాయపూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళు సినిమాకి వెళితే, భాష వచ్చినవాడు మధ్యలో కూర్చుని వరుసంతటికీ తెలుగులో చెప్పాలి. ఆ పని గార్డు సుందరరావుది, అంటే మా నాన్నది. అప్పటికి నేను పుట్టలేదు. అక్క సుశీల ఏడాది నిండకుండానే పోయింది. అమ్మ అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, నలభయ్యో రోజున నాన్న బలవంతాన ఆ సినిమాకి లాక్కెళ్ళాడట. దయ్యం జోకొడితే పాప నిద్రపోయిందని, తెల్లారితే లేస్తుందని చెప్పాడట. ఇంటికొచ్చి అమ్మ పొయ్యి వెలిగించింది.

"అయితే మీ నాన్న నాకు అబద్ధం చెప్పాడా?" అని అడిగింది ఇల్లు చేరాక. నాన్న పోయి మూడేళ్ళు. ఆయన మాట నిజమని చూపిద్దామని, ఆదివారం చర్చి నుంచి వస్తూ పాత సినిమా కాసెట్ అద్దెకు తెచ్చాను.

గుహ వచ్చింది. పాపని ఎత్తుకున్నవాడు, చచ్చిపోయిందని స్పష్టంగా ఇంగ్లీషులో అన్నాడు. నాకు అయోమయంగా ఉంది. రోజూ ఇంగ్లీషులో రిపోర్టులు రాసే నాన్నకి ఆ మాత్రం తెలియదా? ఆ వరుసలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇంకొకరైనా ఉండరా? ఇన్నేళ్ళుగా ఒక్కరూ నోరు విప్పలేదేం?

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమంటున్నాడే?"

నాన్న మీద కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది.

"నిద్రపోయిందంటున్నాడమ్మా. తెల్లారితే లేస్తుందట."

"చూశావా. కొత్తవాళ్ళే సత్యానాశ్ చేశారు," అని అమ్మ చెయ్యి వదిలి, బియ్యం కడగడానికి లేచింది.