అక్‌తోటి కాళ్ళ దారం

మేక తోక పైకీ, గొర్రె తోక కిందికీ ఎందుకుంటాయో అందరికీ జ్ఞాపకమున్న కాలంలో, అంటే అంత పూర్వమూ కాదు, మనుషులింకా చంద్రుడి మీద కాలు మోపని కాలంలో, కజఖ్ గడ్డిమైదానంలో బాల్కియా అవ్వ ఉండేది. తెల్లవారగానే గుర్రప్పాలు పితికి, తోలుతిత్తిలో పోసి చిలికేది. ఆ పిమ్మట మనుమరాలు అక్‌తోటిని గొర్రెపిల్లలతో పాటు పలుపుకు కట్టేది. గొర్రెపిల్లలు నేల మీద గంతులు వేసేవి; అక్‌తోటి గాలిలో తేలేది. నిరుడు మోకాలెత్తున తేలిన పిల్ల ఈ వేసవికి గుడారపు కప్పుదాకా లేచింది. పలుపు తెగిన నాడు ఏమి గతి అన్నదే అవ్వ దిగులు.

నడక నేర్వవలసిన బిడ్డ కాళ్ళకు నలుపూ తెలుపూ పేనిన ఉన్నిదారం కట్టి, మంచి నడక గలవారి చేత కోయించడం అక్కడి ఆచారం. కోసినవారి నడకే బిడ్డకు వస్తుంది. గుర్రప్పందేలలో పేరుమోసిన పొరుగు కాపరి సెయిల్‌బెక్ వచ్చి కోశాడు. పిల్ల మరో మూరెడు లేచింది.

ఒక మధ్యాహ్నం నారింజరంగు దుస్తుల మనిషి పారాచూట్‌కు వేలాడుతూ వచ్చి అవ్వ గొర్రెల నడుమ దిగాడు. రోజుల తరబడి భూమిని చుట్టి వచ్చిన వ్యోమగామి అతడు, పేరు రోదియోన్. లేవబోయి కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ కూలబడ్డాడు.

సెయిల్‌బెక్ పకపకా నవ్వాడు. "చంద్రుడి మీదికి పోతారట వీళ్ళు! నేల మీదే కాళ్ళు నిలవట్లేదు."

"అక్కడ నిలబడేది నా తర్వాతెవడో, మామా," అన్నాడు రోదియోన్ ఆయాసపడుతూ. "అన్నాళ్ళు పైనుంటే మనిషి బతికి తిరిగొస్తాడా లేదా, అది చూడ్డమే నా వంతు."

అవ్వ అతనికి పులిసిన గుర్రప్పాలు తాగించి, తేరిపార చూసి, నడుమునున్న కత్తి తీసింది.

"నాయనా, మా పిల్ల కాళ్ళ దారం కోసిపెట్టు."

"నేనే నిలబడలేకపోతున్నా కదవ్వా!"

"నీకు మతిపోయిందా వదినా?" అన్నాడు సెయిల్‌బెక్. "పిల్లకి వీడి నడకొస్తే ఇంకేమన్నా ఉందా?"

"నీ నడకా చూశాంలేవయ్యా. అంతెత్తుకి పోయి మళ్ళీ నేలకొచ్చినోడు వీడొక్కడే. నా పిల్లకి కావల్సింది ఆ రావడమే."

ఆమె పలుపు లాగి పిల్లను అతని ముందుకు దించింది, కాళ్ళకు దారం కట్టింది. రోదియోన్ మోకాళ్ళ మీద నిలిచి దాన్ని కోశాడు. అప్పుడు అవ్వ పలుపు ముడి కూడా విప్పేసింది. సెయిల్‌బెక్ కళ్ళు మూసుకున్నాడు.

అక్‌తోటి కాలివేళ్ళు గడ్డిని తాకాయి, మడమలు ఆనాయి. రోదియోన్ ఆమె వేలు పట్టుకుని లేచాడు. ఇద్దరూ ఒకే తీరున తూలుతూ గుడారం దాకా నడిచారు. సెయిల్‌బెక్ టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

ఈ కథ నాకు మొదట చెప్పింది మా అమ్మమ్మ అక్‌తోటి. నేటికీ ఆమె, అప్పుడే నేలకు దిగివచ్చిన మనిషిలాగే, కొంచెం తూలుతూ నడుస్తుంది.