డిపాజిట్లు భద్రం

ఆమె పత్రికలో శీర్షికలు పెడుతుంది. వార్త ఎవరో రాస్తారు, ఫొటో ఎవరో తీస్తారు. పైన పెద్దక్షరాల్లో ఉండే ఆ మూడు నాలుగు మాటలు మాత్రం ఆమెవి. వాటి కింద పేరు వేయరు కాబట్టి ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. ఏదో ప్రెస్సులో పని అని చెప్పింది. విజిటింగ్ కార్డులు అచ్చువేసే ప్రెస్సనుకున్నారు. కాదని ఆమె చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం వీధి మలుపులో ఉన్న టీ కొట్టు. ఆమె డ్యూటీ మధ్యాహ్నం మొదలవుతుంది. పొద్దున్న తీరిగ్గా వచ్చి బల్ల చివర కూర్చుని టీ తాగుతుంది. కొట్టాయన పత్రిక పైకి చదువుతుంటాడు, మిగతావాళ్లు నవ్వుతుంటారు.

"'నగరాన్ని ముంచెత్తనున్న సముద్రం?' అట. పోయినేడూ ఇదే రాశారు. సముద్రం సంగతి తర్వాత చూద్దాం, ముందు మా కుళాయిలోకి నీళ్లు రమ్మనండి."

"చివర ఆ కొక్కెం చూశావా? రేపు ముంచకపోతే, మేం ఊరికే అడిగాం అంటారు."

ఆ ప్రశ్న గుర్తు ఆమె పెట్టింది కాదు. ఆమె 'పెరుగుతున్న సముద్రమట్టం' అని పెట్టింది. శాస్త్రవేత్తలు చెప్పింది అంతే, అదీ మిల్లీమీటర్లలో. "మిల్లీమీటర్లు ఎవడు కొంటాడు మేడమ్?" అని డెస్క్ ఇన్‌చార్జి ఊరిని ముంచేశాడు. ఇదంతా టీ కొట్టులో చెప్పుకునేది కాదు. ఆమె గ్లాసు ఖాళీ చేసి లేచిపోయేది.

ఆమె పనేమిటో తెలిసింది అన్నయ్య ఒక్కడికే. అతనికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. అమ్మ పోయాక అన్నాచెల్లెళ్ల మధ్య మిగిలింది ఫోను. అదీ అతనికి ఏదైనా ఆరా కావాల్సి వచ్చినప్పుడే మోగేది.

ఆ వేసవిలో ఊళ్లో ఒక బ్యాంకు గురించి గుసగుసలు మొదలయ్యాయి. అవి ముదిరాక ఒక సాయంత్రం బ్యాంకువాళ్లు పత్రికకు ప్రకటన పంపారు. ఆమె 'డిపాజిట్లు భద్రం: బ్యాంకు' అని పెట్టింది. చివరి మాట కాలమ్‌లో పట్టడం లేదని ఇన్‌చార్జి దాన్ని కొట్టేశాడు. బ్యాంకు చెప్పిన మాట కాస్తా పత్రిక చెప్పిన మాటయింది.

తెల్లారేసరికి అన్నయ్య ఫోను.

"ఏమే చిట్టీ, నిజం చెప్పు. డబ్బు తీసేయమంటావా?"

"పేపర్లో ఉందిగా అన్నయ్యా."

"పేపర్లో ఉన్నది ఊరందరికీ. నాకు లోపలి మాట చెప్పు."

"లోపలి మాటంటూ ఏమీ లేదు. వాళ్లు పంపారు, నేను హెడ్డింగ్ పెట్టాను. అంతే."

"మరి బాగున్నామని చెప్పుకోవడం దేనికి? నా దుకాణం బాగుందని నేనెప్పుడైనా పేపర్లో వేయించుకున్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ!"

"తెలిస్తే నీకు చెప్పనా?"

"సొంత అన్న దగ్గరే దాస్తున్నావంటే అది ఎంత పెద్ద విషయమో నాకర్థమైందిలే" అని పెట్టేశాడు.

ఎండెక్కాక ఆమె బ్యాంకు దాకా వెళ్లింది. అద్దాల తలుపు దగ్గర మొదలైన క్యూ మందుల షాపు దాటి, సందు మలుపు తిరిగి, టైర్ల కొట్టు దాకా సాగింది. ఆ రోజు మొదటి పేజీలోనే ఇంకో శీర్షిక ఉంది: 'మధ్యాహ్నం బయటికి రావద్దు'. వాతావరణ శాఖ హెచ్చరిక అది. దాన్ని ఎవరూ మార్చలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు. క్యూలో అందరి నెత్తిమీదా ఆ పత్రికే ఉంది. రోడ్డుకు ఇవతల నిలబడి చూస్తే ఆమె రాసిన మాటలే తలకిందులుగా, వంకరటింకరగా, తల తర్వాత తల మీద కనబడుతున్నాయి.

మధ్యలో అన్నయ్య ఉన్నాడు. ఆమె నీళ్ల సీసా తీసుకెళ్లి ఇచ్చింది.

"ఎండ చూడు ఎలా ఉందో. ఇంటికి పద అన్నయ్యా."

"చెప్పాల్సింది చెప్పవు గానీ పొమ్మని మాత్రం చెబుతావు" అన్నాడతను గొంతు తగ్గించి. సీసా తీసుకున్నాడు.

అతని వెనక, అటు తిరిగి ఇంకెవరితోనో మాట్లాడుతూ ఒక పెద్దాయన ఉన్నాడు. బక్కపలచటి మనిషి, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా. అంత ఎండలోనూ ముఖం వెలిగిపోతోంది. ముందున్నవాళ్లతో, వెనకున్నవాళ్లతో, రోడ్డున పోయేవాళ్లతో మాట్లాడుతున్నాడు.

"జీవితమంతా సిటీ బస్సు నడిపాను. ఇంత నెమ్మదిగా కదిలే బండి ఎక్కడా చూడలేదు" అని తనే నవ్వాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మీరూ డబ్బుకేనా అమ్మా?"

ఆమె అన్నయ్య వంక చూసింది. అతను అటు తిరిగాడు.

"కాదండీ, ఊరికే చూద్దామని."

"చూడండి, చూడండి. మంచి జనం."

కాసేపటికి పెద్దాయన మాట ముద్దముద్దగా రావడం మొదలైంది. ముఖం మీద చెమట లేదు. బస్సు అనబోయి ఇంకేదో అన్నాడు. గోడను పట్టుకుని అలాగే కిందికి జారాడు.

"ఎండదెబ్బ కాదిది, బ్యాంకు దెబ్బ" అన్నారెవరో.

"ఆయన్ని నీడలోకి తీసుకెళ్లండి! మీరందరూ కూడా పక్కకి రండి, ఇది మామూలు ఎండ కాదు" అని అరిచింది ఆమె.

"ఏం, పేపర్లో చదివారా?" నవ్వులు వినిపించాయి.

"రాసింది నేనే."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నవ్వులు ఆగిపోయాయి. సంచీ గుండెకు హత్తుకుని నిలబడ్డ ఒకావిడ ముందుకొచ్చింది.

"పక్కనున్నది కూడా నువ్వే రాశావా? డిపాజిట్లు భద్రమని?"

"అవునండీ."

"భద్రమేనా?"

నెత్తుల మీది పత్రికలన్నీ కిందికి దిగాయి. అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు.

"నాకు తెలీదండీ. బ్యాంకువాళ్లు చెప్పారు."

"తెలీకుండానే అంతంత అక్షరాలతో రాశావా?"

ఆమె అన్నయ్య కోసం చూసింది. అతను పత్రికను కనుబొమల దాకా లాక్కుని, ముందున్న మనిషి వీపు చూస్తున్నాడు. అంతలో క్యూ ఒక అడుగు కదిలింది. అతనూ ఒక అడుగు వేశాడు.

మందుల షాపాయన, ఆమె కలిసి పెద్దాయన్ని లోపలికి మోశారు. తడిగుడ్డలు వేసి, ఫ్యాను తిప్పారు. అంబులెన్సు వచ్చాక, "వెంట ఎవరొస్తారు?" అని అడిగితే ఎవరూ ముందుకు రాలేదు. ఆమె ఎక్కింది.

సాయంత్రానికి ఆయనకు తెలివొచ్చింది. చేతికి సెలైను పెట్టారు.

"మీ జేబులో పాస్‌బుక్ కనబళ్లేదండీ. క్యూలో పడిపోయిందేమో, వెతికిస్తాను" అంది ఆమె.

ఆయన పైకప్పు వంక చూశాడు. "ఉంటేగా అమ్మా పడిపోవడానికి."

"అంటే?"

"ఆ బ్యాంకులో నాకు ఖాతా లేదు." సిగ్గుపడ్డట్టు కాస్త ఆగాడు. "ఇంట్లో ఒక్కణ్ణే. గోడలతో ఎంతసేపని మాట్లాడతాం? అలా బయటికొస్తే అంతమంది నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. నేనూ వెళ్లి చివర నిలబడ్డాను. క్యూలో ఉన్నవాణ్ణి ఎందుకొచ్చావని ఎవరూ అడగరు చూడు. నా ముందు కళ్లజోళ్లాయన ఉన్నాడే, ఎంత బాగా మాట్లాడాడనీ! వాళ్ల చెల్లెలికి పేపర్లో పెద్ద ఉద్యోగమట. మహా తెలివైందట. పొద్దున్నుంచీ ఆవిడ గురించే చెప్పాడు."

ఆమె దుప్పటి అంచు సరిచేసింది.

అక్కణ్ణుంచి ఆలస్యంగా ఆఫీసుకు వెళ్లేసరికి విలేఖరి వార్త సిద్ధంగా ఉంది. 'జీవితాంతం దాచుకున్న సొమ్ము దక్కదేమోనన్న బెంగతో క్యూలోనే కుప్పకూలిన వృద్ధుడు' అని మొదలైంది.

"ఇది తప్పండీ. ఆయనకు అక్కడ ఖాతానే లేదు" అంది ఇన్‌చార్జితో.

"ఖాతా లేనివాడు ఎండలో క్యూలో ఎందుకుంటాడు?"

"మాట్లాడుకోవడానికి."

ఇన్‌చార్జి కళ్లజోడు తీసి ఆమెను తేరిపార చూశాడు. "మేడమ్, ఇది వేస్తే మనల్ని ఎవరైనా నమ్ముతారా?"

ఆమె వాదించలేదు. సొమ్ము, బెంగ ఉన్న వాక్యం కొట్టేసి, 'క్యూలో వృద్ధుడికి వడదెబ్బ' అని పెట్టింది. పేజీ ఆలస్యమవుతోందని ఆయనా వదిలేశాడు.

బ్యాంకు మునగలేదు. వచ్చినవాళ్లందరికీ ఇచ్చింది, జనం పలచబడ్డారు, తీసినవాళ్లే మళ్లీ వేసుకున్నారు. పత్రికలో రాసింది నిజమేనని మాత్రం ఎవరూ అనలేదు. "తెరవెనక ఏదో సర్దుబాటు చేసుంటారు" అన్నాడు టీ కొట్టాయన. అంతలోనే ఆమె రావడం చూసి, పత్రిక మడిచి బల్లకింద పెట్టాడు. ఆమె ఎవరో ఇప్పుడు వీధంతా తెలుసు. "రండి మేడమ్" అంటూ గ్లాసు ముందుగా ఇస్తున్నారు. ఆమె కూర్చోగానే మాటలు ఆపేస్తున్నారు. ఇదివరకు తిట్టినా ఆమె ముందే తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు టీ మరిగే చప్పుడు తప్ప ఏమీ వినబడదు. కొన్నాళ్లకు ఆమె ఇంట్లోనే టీ పెట్టుకోవడం మొదలుపెట్టింది.

అన్నయ్య ఒకరోజు ఫోను చేశాడు.

"ఆ ముసలాయనకి లక్షలున్నాయటగా? ఆ సంగతి పేపర్లో రాకుండా మీవాళ్లే దాచారని అంటున్నారు."

"ఆయనకు ఖాతానే లేదన్నయ్యా."

అతను పగలబడి నవ్వాడు. "పోవే, కాస్త నమ్మేలా చెప్పు."

ఆ మధ్యాహ్నం గురించి ఏమైనా అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. అతను కొత్తగా వచ్చిన ఫ్రేముల గురించి, వాటి స్క్రూలు ఊడిపోవడం గురించి చెప్పాడు. నా గురించి ఆయనతో ఏం చెప్పావని ఆమె కూడా అడగలేకపోయింది. ఇద్దరూ 'ఉంటాను' అంటే 'ఉంటాను' అనుకుని ఫోను పెట్టేశారు.

సెలవు రోజున ఆమె ఆసుపత్రిలో అడిగి తెలుసుకున్న అడ్రసు పట్టుకుని వెళ్లింది. మెకానిక్ షెడ్డు వెనక ఒకటే గది. పెద్దాయన తలుపు తీసి, గుర్తుపట్టక, "బ్యాంకు నుంచా?" అన్నాడు భయంగా. గుర్తొచ్చాక ఉన్న ఒక్క కుర్చీ తుడిచి ఆమెకు వేసి, తను మంచం మీద కూర్చున్నాడు.

పత్రిక గురించి గానీ, బ్యాంకు గురించి గానీ ఆయన ఒక్క మాట అడగలేదు. తను నడిపిన రూటు చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ మలుపు, ఎక్కడ గొయ్యి, ఏ స్టాపులో ఎవరు ఎక్కేవాళ్లు, వాళ్లలో చిల్లర ఇవ్వనివాళ్లెవరు. సగం దారిలో ఒక స్టాపు పేరు తట్టలేదు. నుదురు రుద్దుకుని, కళ్లు మూసుకుని వెతుక్కుంటున్నాడు.

"నిదానంగా గుర్తుచేసుకోండి. నాకేం తొందర లేదు" అంది ఆమె.