పదో టిక్కు

అంజయ్య తన మగ్గాలను పక్కనున్న రాకేశ్‌కు అప్పగించి, బిడ్డ కవితతో సిరిసిల్లలో బస్సెక్కాడు. వేములవాడలో మారి కోరుట్ల చేరేసరికి పదకొండయింది. దారి పొడుగునా కవితే మాట్లాడింది. అతడు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు.

జగిత్యాల కబడ్డీ సంఘం పాత ఆటగాళ్లకు అవార్డులు ఇస్తోంది. 1984లో కోరుట్లలో జరిగిన ఫైనల్లో జగిత్యాల జట్టు సిరిసిల్లను ఓడించింది. అప్పుడు ఇచ్చింది కప్పు ఒక్కటే. ఉత్తమ రైడర్ అన్న మాట అప్పుడు లేదు. ఇప్పుడు స్కోరు షీటు చూసి ఆ పేరు ప్రకటిస్తున్నారు. జాబితా వాట్సాప్‌లో వచ్చింది. ఉత్తమ రైడర్ జగదీశ్ రావు, తొమ్మిది పాయింట్లు.

ఆ తొమ్మిదీ అంజయ్యవి. మగ్గాల పనికి సిరిసిల్ల రాకముందు అతడు జగిత్యాల వైపు ఊరివాడే.

ఆ పోటీలో ఆడాలంటే ఇరవై ఒక్క ఏళ్లు దాటలేదని బడి కాగితం చూపాలి. మూడో తరగతిలో బడి మానేసి పాలేరుగా జీతానికి కుదిరిన అంజయ్యకు కాగితం ఎక్కడిది? ఊరి దొర కొడుకు జగదీశ్ రావుకు కాగితం ఉంది, కూత రాదు. అందుకని జాబితాలో జగదీశ్ రావు పేరు రాసి, బరిలోకి అంజయ్యను దించారు. జట్టంతా అతణ్ని “దొరా, కూతకు పో” అని పిలిచి నవ్వేది.

ఆ రోజు స్కోరు రాసిన డ్రిల్లు సారు మధుకర్ కోరుట్లలోనే ఉన్నాడు. సంఘానికి నకలు ఇచ్చినా అసలు షీటు ఆయన ఇంట్లో పెట్టెలోనే ఉంది. ఇద్దరూ నేరుగా అక్కడికే వెళ్లారు.

“దొర అచ్చిండా! రా, కూసో. గీమె నీ బిడ్డనా?” అన్నాడు మధుకర్.

కవిత నిలబడే ఉంది. “సార్, ఆడింది మా బాపు అని మీకు ఎరికే గదా. గదే రాసి సంతకం పెట్టుండ్రి.”

“పెడ్త. పెట్టినంక ఏమైతదో ఇను. ఒకల పేరు మీద ఇంకొకల్ని ఆడిస్తే ఆట చెల్లదు. పాత ఆటకు అవార్డు ఇయ్యొచ్చంటే, పాత తప్పుకు శిక్ష గూడ ఎయ్యొచ్చు. కప్పు సిరిసిల్లకు పోతది. అందరి పేర్లు పోతయ్.”

“పోతే పోనియ్యుండ్రి.”

“జట్టుల ముగ్గురు సచ్చిపోయిండ్రు బిడ్డా. అండ్ల గంగారాం అవార్డు తీస్కునేటందుకు ఆయన పెండ్లాం నర్సక్క అస్తున్నది, పొద్దుగాల ఫోన్ జేసింది. స్టేజీ ఎటు దిక్కుకెంచి ఎక్కాలె సార్ అని అడిగింది.”

కవిత జగదీశ్ రావుకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

“నేను ఆడలేదని సంఘపోళ్లకు చెప్పిన. కాగితంల మీ పేరే ఉన్నదన్నరు” అన్నాడు ఆయన. “ఒక పని చేద్దం. స్టేజీ మీద నేను తీస్కుంట, కిందికి దిగినంక అంజన్నకు ఇస్త. ఏమంటవ్ అంజన్నా?”

“మీరే ఉంచుకోండ్రి దొరా. మా ఇంట్ల గోడకు మేకు లేదు” అన్నాడు అంజయ్య.

ఫోన్ ఆగిపోయాక మధుకర్ వైపు తిరిగాడు. “సంతకం అద్దు సార్. నర్సక్కను ఎక్కనియ్యుండ్రి.”

“బాపూ!” అంది కవిత.

“మరి గింత దూరం ఎందుకచ్చినవయ్యా?” అన్నాడు మధుకర్.

“షీటు సూద్దామని.”

మధుకర్ పెట్టె తెరిచి షీటు తీశాడు. మడతల దగ్గర చిరిగింది. జగదీశ్ రావు పేరుకు ఎదురుగా టిక్కులున్నాయి. అంజయ్య వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

“తొమ్మిదే ఉన్నయ్.”

“తొమ్మిదే.”

“పది సార్. ఆఖరి కూతల సిరిసిల్లోళ్ల రాజేశ్‌ను ముట్టిన.”

“ముట్టినవ్. గీత తొక్కినవ్. అంపైర్ ఔటిచ్చిండు.”

“అంపైర్ అవుతల దిక్కున్నడు. గీత కాడ కూసున్నది మీరు. మిమ్ముల అడిగే ఇచ్చిండు. నా బొటనేలు ఇవుతల్నే ఉండె.”

“నలభై ఏండ్ల ముచ్చట. నేను సూసిందే రాసిన అంజయ్యా.”

“పేరు గూడ సూసే రాసిండ్రా సార్?”

మధుకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవడం అయిపోయినా పెట్టుకోలేదు.

“అవార్డే అద్దన్నవ్. గీ ఒక్కటి ఏం జేస్కుంటవ్ బాపూ?” అంది కవిత.

అంజయ్య షీటు మీద నుంచి వేలు తీయలేదు.

“ఇప్పుడు ఏస్తే దొర పేరు మీద పది అయితయ్” అన్నాడు మధుకర్.

“కానియ్యుండ్రి.”

మధుకర్ జేబులోంచి పెన్ను తీసి పదో టిక్కు పెట్టాడు. సిరా రంగు వేరు. కళ్లద్దాలు లేక టిక్కు పక్క గడిలోకి పోయింది. అంజయ్య మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టి, మోకాలు పట్టుకుని లేచాడు.

“రెండింటి బస్సున్నది. నడువు బిడ్డా” అన్నాడు. “మగ్గాల కాడ రాకేశ్ ఒక్కడే ఉన్నడు.”