పెద్దసారు గది అద్దం

ఆ కంపెనీ తయారుచేసేవి రంగు మారే అద్దాలు. రెండు పలకల మధ్య పాలిమర్ పూత ఉంటుంది. స్విచ్ నొక్కితే ముదురు నీలం, మళ్లీ నొక్కితే తేట. చూడముచ్చటగానే ఉంటుంది, మన్నితేగా! పాత పూత ఏడాది తిరక్కుండానే నీరసపడి, ఎక్కిన రంగు కాసేపటికే దిగిపోతోంది. ప్రయోగశాలలో ఇంజినీరమ్మ తల బద్దలు కొట్టుకుని కొత్త పూత తయారుచేసింది. పెద్దసారు ఊ అంటేనే అది బయటికొస్తుంది. ఆయన ఊ అంటేనా!

"పాతదానికేమైందమ్మా? నా గదికీ హాలుకీ మధ్యనున్నది అదే. రోజూ మధ్యాహ్నం వాడుతున్నా. ఏనాడైనా మొరాయించిందా?"

ఆ మధ్యాహ్నపు వాడకమేమిటో ఆఫీసంతటికీ తెలుసు. భోజనమవగానే ఆయన స్విచ్ నొక్కుతాడు, అద్దం నీలమవడం కళ్లారా చూస్తాడు, ముఖాన చేతిరుమాలు కప్పుకుని కుర్చీలో వెనక్కి వాలతాడు. గురక మొదలయ్యేసరికి రంగు కాస్తా దిగిపోతుంది. లేచేటప్పుడు రుమాలు తీయకముందే స్విచ్ తడిమి నొక్కేస్తాడు. తేట అద్దం చూసి, తను నొక్కినందుకేననుకుంటాడు. ఇక ఆయనకెలా తెలుస్తుంది? జనం కడుపు పట్టుకుని నవ్వుతారు గానీ, "సార్, మీ నిద్ర మాకు కనిపిస్తోంది" అని చెప్పే మొనగాడేడీ?

ఒకరోజు అద్దాలు కొనేవాళ్లు చెప్పిన వేళకంటే ముందే ఊడిపడ్డారు. అద్దం అవతల పెద్దసారు కాళ్లు బల్ల మీద, బూట్లు కింద. రుమాలు ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఇంజినీరమ్మ గబగబా ముందుకొచ్చింది. వీళ్లు వెనుదిరిగితే తన పూత అటకెక్కినట్టే.

గుసగుసలకు పెద్దసారు ఉలిక్కిపడి రుమాలు లాగేశాడు. ఎదురుగా అంతమంది! టకటకా స్విచ్ నొక్కాడు. అద్దం కాస్త నీలమై, మళ్లీ తేటబడింది.

"చూశారుగా!" ఇంజినీరమ్మ గొంతు పెంచింది. "పాత పూత ఎంతసేపు ఆగుతుందో మా సారు స్వయంగా పడుకుని మరీ పరీక్షిస్తున్నారు. అందుకే కొత్తది తయారుచేశాం."

"అవునవును, పరీక్షే!" లోపల బూట్లు వెతుక్కుంటూ పెద్దసారు అరిచాడు.

నవ్వుల్లోనే బేరం కుదిరింది. కొత్త పూత అద్దం ముందుగా ఆయన గదికే బిగించారు. ఇంజినీరమ్మ స్విచ్ నొక్కి చాలాసేపు అక్కడే నిలబడింది. నిండు నీలం, చెక్కుచెదరలేదు. ఆమె సంబరం అంతా ఇంతా కాదు.

అంతలో దర్జీ వచ్చి అద్దాన్ని టేపుతో కొలవసాగాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"పరదా ఎందుకు సార్?"

"నీ పూత మీద నమ్మకం లేక కాదమ్మా," పెద్దసారు గొంతు తగ్గించాడు. "పరదా అయితే, ముఖాన రుమాలున్నా, మూసుందో లేదో చేత్తో తడిమి చూసుకోవచ్చు."