నా టేబుల్ మీద మోగిన సైరన్

కోడ్ ఎనిమిదోసారి చదివాను. ఎనిమిదోసారి కూడా సైరన్ అందులోనే ఉంది. గదిలో ఉష్ణోగ్రత పది డిగ్రీలు దాటితే సైరన్ మోగించు. ఇంత శుభ్రంగా రాసిన లైను నా పదమూడేళ్ళ ఉద్యోగంలో ఇంకొకటి లేదు. అయినా జగ్గయ్యపేట కోల్డ్ స్టోరేజీలో మంగళవారం మధ్యాహ్నం అది మోగలేదని రత్తయ్య అంటున్నాడు.

రత్తయ్య అక్కడ మిషన్ ఆపరేటరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సైరన్ పెట్టాక, గంటకోసారి గదులు తిరిగి చూడటం మాన్పించి అతన్ని గేటు దగ్గర లారీల చీటీలు రాయమని కూర్చోబెట్టారు. మంగళవారం రెండింటికి కంప్రెసర్ ఆగిపోయింది. మే నెల ఎండ. ఐదింటికి ఎవరో చూసేసరికి పై అంతస్తులో మిర్చి బస్తాలన్నీ చెమ్మపట్టి ఉన్నాయి. సైరన్ మోగిందనీ, రత్తయ్య నిద్రమత్తులో దాన్ని ఆపేసి మళ్ళీ కునుకు తీశాడనీ మేనేజరు అనిల్‌కుమార్ వాదన. ఆ మధ్యాహ్నం అక్కడ ఇంకెవరూ లేరు, ఒక్క లారీ కూడా రాలేదు కాబట్టి అతను మేలుకుని ఉన్నాడని చెప్పేవాళ్ళు లేరు. వీళ్ళిద్దరి మధ్యకి నేనెందుకొచ్చానంటే, సైరన్‌ని మోగించే ఆ చిన్న పెట్టె మాది, అందులో ప్రోగ్రాము నాది.

మా ఆఫీసంటే నందిగామలో తిరుపతిరావుగారి మోటారు స్టార్టర్ల కొట్టు పైన ఒక గది. ఆయన ఓనరు, నేను ప్రోగ్రామరు, ఇంకెవరూ లేరు. బుధవారం అనిల్‌కుమార్ ఫోన్ చేసి అడిగితే కోడ్ చూశాను. అలాంటి పెట్టెలో ఉండే బోర్డు ఒకటి టేబుల్ మీద పెట్టి, దాని సెన్సరుని వేడినీళ్ళ గ్లాసులో ముంచాను. సైరన్ ఎంత గోల చేసిందంటే కింద కొట్లో బేరాలు ఆగిపోయాయి. ప్రోగ్రాములో ఏ లోపమూ లేదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపి, చేతులు దులుపుకున్నాను. రత్తయ్య అబద్ధాలకోరు అని నేను రాయలేదు. రాయకుండానే ఆ మాట అక్కడికి చేరింది.

శుక్రవారం అతనే ఫోన్ చేశాడు.

“రూబెన్‌గారూ, నేనండీ, రత్తయ్యని. అది మోగలేదండీ. మోగితే నేనొక్కణ్ణే ఏంటి, హైవే మీద లారీలోళ్ళు కూడా ఉలిక్కిపడతారు గదా. ఇంకొక్కసారి చూడండి సార్.”

“చూశా బాబాయ్. ఉంది. నా టేబుల్ మీద మోగింది కూడా.”

“మీ దగ్గర మోగుద్దండీ. చదువుకున్నోళ్ళు, మీరు ఉందంటే ఉన్నట్టే. రేపు సాయంత్రం తాళాలు ఇచ్చేసి పొమ్మన్నారు. పద్దెనిమిదేళ్ళు చేశానండీ. పని పోతే పోయింది, నిద్రపోయాడని పంపిస్తే ఇంకే స్టోరేజీవాళ్ళు రానిస్తారు చెప్పండి?”

అందుకే శనివారం పొద్దున మళ్ళీ కూర్చున్నాను. అతని మీద నమ్మకం కలిగి కాదు. ఆ గొంతు వదిలిపెట్టక, చిరాకేసి. మధ్యాహ్నానికి తల ప్రాణం తోకకొచ్చింది. చూసిన లైనే ఎన్నిసార్లు చూస్తాం? అప్పుడు తట్టింది, నేను చూస్తున్నది నేను రాసిన కోడ్‌ని, మిషన్‌లోకి వెళ్ళిన కోడ్‌ని కాదని.

మేము రాసింది రాసినట్టు మిషన్‌లోకి పోదు. బిల్డ్ అని ఒకటి ముందు దాన్ని సిద్ధం చేస్తుంది. పక్క ఫైళ్ళన్నీ తెచ్చి కలుపుతుంది, పొట్టి పేర్లున్న చోట అసలు పాఠం పెడుతుంది, వద్దన్నవి తీసేస్తుంది. అలా తయారైన ఫైలు మా కంటపడదు. పని అవగానే బిల్డే దాన్ని పారేస్తుంది. సరుకుల చీటీ మనం రాస్తాం, సంచి కొట్టువాడు కడతాడు. నేను ఇన్ని రోజులూ చీటీ చదివి కందిపప్పు ఉందని ఒట్టేస్తున్నాను, సంచి విప్పలేదు.

బిల్డ్ ఫైల్లో రెండు లైన్లు చేర్చి, ఆ మధ్య ఫైలుని పారేయకుండా ఇలా ఇవ్వమన్నాను. నా టేబుల్ మీది బోర్డుకి కాదు, జగ్గయ్యపేటకి పంపే బిల్డ్‌కి. రెండొందల లైన్ల ఫైలు తొమ్మిది వేల లైన్లై వచ్చింది. వెతుక్కుంటూ కిందికి వెళ్ళాను. ఉష్ణోగ్రత పది డిగ్రీలు దాటితే, అని ఉంది. దాని తర్వాత ఒక సెమికోలన్ ఉంది, అంటే ఏమీ చేయకు అని. సైరన్ లేదు.

ఎవరు తీశారా అని వెతకక్కర్లేదు. నేనే. ఫిబ్రవరిలో స్టోరేజీ కొత్త గదుల ప్రారంభం రోజు పూజ కోసం తలుపులన్నీ బార్లా తీశారు. బయటి వేడి లోపలికి పోయి, పంతులుగారు మంత్రం ఎత్తుకున్నప్పుడల్లా సైరన్. పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ తిరుపతిరావుగారు నా వైపు గుడ్లురిమారు. “శుభమా అని పూజ చేసుకుంటుంటే ఆ ఏడుపేంటయ్యా, ఆపించు!” అక్కడే లాప్‌టాప్ తెరిచి, జగ్గయ్యపేట బిల్డ్‌కి మాత్రం ‘సైలెంట్’ అని, అంటే సైరన్ వద్దని, ఒక మాట తగిలించి ఎక్కించాను. కోడ్ ముట్టుకోలేదు, అందుకే కోడ్‌లో ఎంత వెతికినా దొరకలేదు. మర్నాడు తీసేద్దామనుకున్నాను. మర్నాడు వీరులపాడులో పంపుల పని తగిలింది, మరిచిపోయాను.

కిందికి దిగి తిరుపతిరావుగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తావయ్యా రూబెనూ? రత్తయ్య తప్పు ఒప్పుకుని కాగితం రాసిచ్చాడంట, అనిల్ ఇందాకే ఫోన్ చేశాడు. వాళ్ళు మూసేసిన గొడవ. నువ్వా సైలెంటేదో తీసేసి కొత్తది ఎక్కించు, సరిపోద్ది.”

“రాసిచ్చాడా? మోగలేదని నిన్ననే నాతో అన్నాడండీ!”

“ఏమో, రాసిచ్చాడు. ఇది బయటికి పోతే మన పెట్టె ఇంకెవరూ కొనరు, అది గుర్తుపెట్టుకో.”

ఆయన మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. నిజం చెప్పాలంటే, ఆ మాటే బాగుందని నాకూ అనిపించింది. ప్రింట్ తీసిన ఒక్క పేజీ మడిచి జేబులో పెట్టుకుని బస్టాండుకి నడిచాను. జగ్గయ్యపేట బస్సులో నిలబడే వెళ్ళాను. ప్రతి స్టాపులోనూ దిగిపోవాలనిపించింది.

నేను వెళ్ళేసరికి అనిల్‌కుమార్ గదిలో రత్తయ్య తాళాల గుత్తి బల్ల మీద పెడుతున్నాడు. నన్ను చూసి చేతులు కట్టుకున్నాడు.

“మిమ్మల్ని ఊరికే శ్రమ పెట్టాను సార్, ఏం అనుకోకండి.”

“నిద్రపోయానని ఎందుకు రాసిచ్చావు బాబాయ్?”

“మీరు చూసి ఉందని చెప్పారు గదండీ. మిషను అబద్ధం చెప్పదు. వయసు మీద పడింది, తెలీకుండా కన్నంటుకుని ఉంటదిలే అని మా ఇంటిది కూడా అంది. నిజమే అయ్యుంటదనిపించింది. కళ్ళు తెరుచుకుని లారీల కోసం చూస్తా కూర్చున్నట్టే నాకు గుర్తండీ. అదీ కలేనేమో.”

పేజీ బల్ల మీద పరిచాను. ఆ సెమికోలన్ అనిల్‌కుమార్‌కి చూపించి, ప్రారంభం రోజు సంగతంతా చెప్పాను, ఎవరు ఆపమన్నారో, ఎవరు ఆపారో. పూజలో అతనూ ఉన్నాడు. పేజీ వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు.

“ఇదంతా రాసిస్తారా?” అన్నాడు.

రాసి, సంతకం పెట్టాను. అనిల్‌కుమార్ ఫైల్లోంచి రత్తయ్య కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి, తాళాల గుత్తి అతని వైపు నెట్టాడు. రత్తయ్య దాన్ని ముట్టుకోలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

“అయితే ఆ రోజు నేను మెలకువగానే ఉన్నానాండీ?”