ఒకే పొట్లం

అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ సరుకుల గిడ్డంగిలో పార్సిళ్ళు కట్టారు. ఒక ఇంటికి వెళ్ళేదంతా ఒకే పెట్టెలో వెళ్ళాలనేది ఆవిడ పద్ధతి. రిటైరయ్యాక పెట్టెలు పోయాయి గాని పద్ధతి పోలేదు. కోడలికి డాక్టరమ్మ రాసిన థైరాయిడ్ మాత్రకు, బలానికని మందుల షాపులో తానే కొన్న ఐరన్, కాల్షియం మాత్రలు జతచేసి, పొట్లం కట్టి, పొద్దున్నే నీళ్ళ గ్లాసుతో సహా చేతికిచ్చేవారు.

కోడలిది బ్యూటీ పార్లర్‌లో పని. ఊరందరి జుట్టూ దువ్వే మనిషికి సొంత జుట్టు ఊడి దువ్వెనకే సరిపోయేది. పొద్దెక్కినా నిద్రమత్తు వదిలేది కాదు. నెలసరి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అండాశయాల్లో నీటి బుడగలున్నాయని స్కానింగ్‌లో తేలింది. బిడ్డ కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఈసారీ మార్పు లేకపోతే ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామని డాక్టరమ్మ చెప్పింది.

ఆ రోజు అత్తగారు కూడా వెంట వెళ్ళారు. కోడలి మీద నమ్మకం లేక కాదు, డాక్టరమ్మ మీద లేక. పొద్దున్నే రక్తం ఇచ్చి, రిపోర్టు వచ్చాక లోపలికి వెళ్ళారు.

"థైరాయిడ్ రిపోర్టులో ఏమీ మార్పు లేదే. మాత్ర వేసుకుంటున్నావా?"

"పరగడుపునే వేసుకుంటున్నా మేడమ్. ఒక్కరోజు కూడా మానలేదు."

అత్తగారికి ఒళ్ళు మండింది. "ఎందుకు మానుతుందమ్మా, కట్టిచ్చేది నేనైతే," అంటూ రక్తపరీక్ష కోసం ఆ పూట ఆపిన పొట్లాన్ని బల్ల మీద పెట్టారు.

డాక్టరమ్మ విప్పి చూసింది. "ఈ మూడూ కలిపేనా?"

"ఒకే మనిషికి కదా."

"ఐరన్, కాల్షియం పక్కనుంటే థైరాయిడ్ మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదమ్మా. దాన్ని ఒక్కదాన్నే వేసుకోవాలి. ఇవి నాలుగు గంటలు ఆగి వేసుకోవాలి. ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే నెలసరి తప్పొచ్చు, అండాశయాల్లో బుడగలూ రావచ్చు. అందరికీ కారణం అదే కాదులే. ముందు దీన్ని సరిచేద్దాం, ఆపరేషన్ మాట తర్వాత."

బస్సులో కోడలికి పట్టరాని కోపం వచ్చింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. పక్కన అత్తగారు ఖాళీ కాగితాన్ని మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నారు. కోపం అలాగే ఉంది, మాట మాత్రం మింగేసింది.

మర్నాడు గ్లాసు ఉంది గాని పొట్లం లేదు.

"ఇకనుంచి నువ్వే చూసుకో. నాది మంచి చెయ్యి కాదు," అన్నారు అత్తగారు.

కోడలు థైరాయిడ్ మాత్ర ఒక్కటే వేసుకుంది. "మిగతావి పార్లర్‌కి పట్టుకెళ్ళాలి. కట్టివ్వండి, అత్తయ్యా."

కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పార్లర్ నుంచి ఫోన్ వచ్చింది.

"అత్తయ్యా, మళ్ళీ వచ్చింది. వరసగా మూడో నెల. ఈసారి కూడా తేదీ తప్పలేదు."

ఏమొచ్చిందని ఆవిడ అడగలేదు.

"సరే," అన్నారు. "పొట్లం వేసుకున్నావా?"