నీలం మూత

ఆ డయాలసిస్ సెంటర్లో జనరేటర్ చూసుకునే ఆయన్ని అందరూ ఒక్కదెబ్బ బాబాయ్ అంటారు. పద్దెనిమిదేళ్ళుగా కరెంటు పోయిన ప్రతిసారీ తన జనరేటర్ ఒక్క దెబ్బకే అందుకుందని ఆయన చెప్పని మనిషి లేడు, వినకుండా తప్పించుకున్న మనిషీ లేడు. ఆ మోత పక్కనే ఇన్నేళ్ళు నిలబడి చెవులు సగం పోయాయి గానీ గొప్పలు మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ గురువారం పొద్దున మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. లైను పని ఉంది, పదకొండు నుంచి రెండింటి దాకా కరెంటు ఉండదని ముందురోజే చెప్పారు. కోతలు ఆయనకి కొత్తా? కానీ ఈసారి లోపల ఏడో మంచం మీద సొంత అక్క ఉంది. కిడ్నీలు చేతులెత్తేసి మూడు నెలలైంది. వారానికి మూడుసార్లు ఆమె రక్తం పైపుల్లోంచి మిషన్లోకి వెళ్ళి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి రావాలి. అవేమో పాత మిషన్లు. కరెంటు పోతే పంపు ఆగుతుంది. పంపు ఆగిపోతే కాసేపటికి పైపుల్లో రక్తం గడ్డకడుతుంది, గడ్డకట్టాక పారబొయ్యడమే. అక్కకి ఉన్నదే ఏడు గ్రాముల రక్తమని డాక్టరు మొన్ననే మొహం చిట్లించాడు. అందులో ఒక్క గ్లాసుడు పోయినా ఆ మనిషి తట్టుకోలేదు.

పదింటికి వార్డు తలుపు దగ్గరకొచ్చి తొంగిచూశాడు.

"ఒరేయ్, ఇది ఆరోసారి," అంది అక్క, కళ్ళు తెరవకుండానే. "నన్ను కాపలా కాస్తున్నావా, మిషన్నా?"

"ఊరికే వచ్చాలే."

"ఊరికే వచ్చినవాడివి ఊరికే పో. నువ్వలా తచ్చాడుతుంటే నాకు బీపీ పెరుగుతోంది."

వెనక్కి జనరేటర్ గదికి వెళ్ళాడు. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర తినేస్తుంది కదా, జనరేటర్‌ని లేపే బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా ఉప్పు పూసి కనిపిస్తే కడుగుదామనుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, ఛార్జర్ ఆపి, ముందు నెగెటివ్ వైరు విప్పాడు. ఛార్జింగులో బ్యాటరీ వదిలే గ్యాసు అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలని, ఆ గది గుమ్మంలో సిగరెట్టు తీసినవాడికల్లా క్లాసు పీకేది ఈయనే.

గోడ పక్కన వార్డు నుంచి తెచ్చుకున్న తెల్ల క్యాన్లు రెండున్నాయి. ఎర్ర మూతది సోడా నీళ్ళు, నీలం మూతది బ్యాటరీలో పొయ్యడానికి శుద్ధమైన నీళ్ళు. అది ఆయన లెక్క. సోడా నీళ్ళంటే వార్డులో మిగిలిపోయిన బైకార్బనేటు, మన వంటసోడాకి పెద్దక్క. ఆసిడ్ పూసిన ఉప్పు మీద పోస్తే బుసబుసా పొంగి కడిగిపారేస్తుంది.

ఎర్ర మూత తీసి పోశాడు. పొంగలేదు. ఇంకొంచెం పోశాడు. ఊహూఁ. కాస్త బాగా వినపడే కుడి చెవి దగ్గరగా పెట్టాడు. చప్పుడు లేదు. క్యాన్లో వేలు తడిపి నాలుక మీద పెట్టుకుంటే ఉత్త నీళ్ళు.

నీలం మూత తియ్యడానికి ఆయన చెయ్యి రాలేదు. తీసి, గుడ్డ కొస తడిపి, టెర్మినల్ మీద ఒక్క చుక్క పిండాడు.

బుస్సుమంది.

మంగళవారం ఈ నీలం మూత క్యాన్లోంచే బ్యాటరీ ఆరు అరల్లోనూ రెండు లీటర్లు పోశాడు. ఎండలకి నీళ్ళు బాగా దిగిపోయాయని గొంతు దాకా నింపాడు. ఆ రోజు పొయ్యగానే బుడగలొచ్చాయి కూడా. ఛార్జర్ ఆపి పొయ్యాలని లోకానికంతా పాఠం చెప్పే పెద్దమనిషి, ఆ రోజు బద్ధకించి ఆపలేదు. ఛార్జింగులో ఉందిగా, బుడగలు రావా ఏంటి, అనుకున్నాడు. చప్పుడు ఆ చెవులకి ఎలాగూ ఆనలేదు.

క్యాన్లు రెండూ ఇచ్చి, "ఒకదాంట్లో సోడా, ఒకదాంట్లో నీళ్ళు పట్టివ్వు తల్లీ," అని కొత్త నర్సుతో అన్నది తనే. వార్డులో నీలం మూత అంటే బైకార్బనేటే. ఆ అమ్మాయి వాళ్ళ లెక్కన పట్టింది, ఈయన తన లెక్కన పోశాడు. క్యాన్ మీద పేరు రాయండి బాబాయ్ అని హెడ్ నర్సు ఎన్నిసార్లు మొత్తుకుందో! పేర్లు తెలియనివాళ్ళు రాసుకుంటారమ్మా అనేవాడు. సోడా ఆసిడ్‌ని చంపేస్తుంది, చచ్చిన ఆసిడ్‌తో బ్యాటరీ బరువు మొయ్యలేదు. అదీ తెలుసు. అన్నీ తెలుసు మహానుభావుడికి!

వైర్లు బిగించి ఛార్జర్ వేశాడు. మీటర్ పదమూడు వోల్టులు చూపించింది. పైన పటారం, లోన లొటారం. ఛార్జర్ ఆపి స్టార్ట్ నొక్కాడు.

టక్.

మళ్ళీ నొక్కాడు. టక్. అంతే.

గడియారం పదీ ఇరవై అయిదు. బ్యాటరీ షాపుకి ఫోను చేస్తే కొత్తది తేవడానికి గంట పడుతుందన్నాడు. అంబులెన్స్ బ్యాటరీకి వైర్లు తగిలించి లేపొచ్చు గానీ, అది పేషెంటుని దింపడానికి వెళ్ళింది. "పదకొండుంబావుకి వచ్చేస్తా బాబాయ్," అన్నాడు డ్రైవరు.

అక్కడి నుంచి ఆయన నిలబడలేదు, కూర్చోలేదు. గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. బ్యాటరీ దానంతటదే పోయిందంటే కాదనేదెవరు? మూడేళ్ళ బ్యాటరీ, పోదా? లేదా కొత్తమ్మాయి తప్పు పట్టించిందంటే? అది అబద్ధం కూడా కాదాయె. లైనువాళ్ళు ఏనాడైనా టైముకి వచ్చారా, వాళ్ళు పావుగంట ఆలస్యంగా వస్తే అసలెవరికీ తెలియక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళ పేరు! మళ్ళీ గడియారం చూస్తే పదీ ముప్పై అయిదు.

ఛీ, అనుకుని పరుగెత్తాడు.

వార్డు మధ్యలో నిలబడి, రొప్పుతూ, అందరికీ వినపడేలా చెప్పేశాడు. "జనరేటర్ లేవదు. బ్యాటరీలో సోడా పోశాను. నేనే పోశాను."

కొత్త నర్సు ముందుకొచ్చింది. "పట్టింది నేనే కదా బాబాయ్..."

"నీ తప్పేం లేదమ్మా. నీలం అంటే నా గదిలో వేరని నీకు చెప్పానా? రాసి అంటించానా?"

హెడ్ నర్సు అప్పటికే చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటోంది. "పంపులు తిప్పి అందరి రక్తం వెనక్కి ఎక్కించేద్దాం. మనిషికి పది నిమిషాలు. ఒకటో మంచం నుంచి మొదలుపెట్టండి. బాబాయ్, ఎప్పుడు తెలిసింది మీకు?"

"పది నిమిషాలైంది."

ఆమె రెండో గ్లవ్ లాక్కుంటూనే ఆయన్ని చూసింది. "ముగ్గురం ఉన్నాం. ఆ పది నిమిషాలుంటే అందరూ బయటపడేవాళ్ళు."

మంచాలు ఎనిమిది, నర్సులు ముగ్గురు. ఒకటి, రెండు, మూడు అయ్యాయి. నాలుగు, అయిదు, ఆరు అయ్యేసరికి పదకొండుకి మూడు నిమిషాలు. ఏడు, ఎనిమిది మొదలుపెట్టారు. ఏనాడూ టైముకి రాని లైనువాళ్ళు ఆ రోజు గడియారం పట్టుకుని కూర్చున్నారేమో, సరిగ్గా పదకొండుకి ఫ్యాన్లు ఆగాయి. పంపులు ఆగాయి. అక్క పైపుల్లో రక్తం నల్లెర్రగా నిలబడిపోయింది.

"పిడి తియ్యండి!" అని అరిచింది హెడ్ నర్సు ఎనిమిదో మంచం దగ్గర్నుంచి. "నేనూ సిస్టరూ ఇక్కడున్నాం. బాబాయ్, మీరు ఏడులో పంపు తిప్పండి. బాణం ఎటుంటే అటు. కొత్తమ్మాయ్, నువ్వు సెలైన్ పట్టుకుని గాలిబుడగలు చూసుకో!"

కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పడానికి మిషన్ పక్కన వేలాడే పిడి తీసి పంపుకి తగిలించాడు. తిప్పాడు. నిలబడిన రక్తం కదిలింది.

"నెమ్మదిరా," అంది అక్క. "నేను డీజిల్ ఇంజన్ని కాదు."

ఆయన నవ్వబోయాడు. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"ఆ పది నిమిషాలూ ఏం చేశావురా?" అంది అక్క, ఆయనకి మాత్రమే వినపడేలా. ఆ సగం చెవులకీ ప్రతి మాటా వినపడింది.

"అబద్ధం వెతుక్కున్నా అక్కా."

"దొరికిందా?"

"రెండు దొరికాయి."

పైపులో ఎరుపు పలచబడుతోంది, వెనకాలే సెలైన్ తేటగా వస్తోంది. అక్క సూది లేని చెయ్యి చాపి ఆయన మోచేతి మీద వేసింది.

"సరే, ఆపకు," అంది. "ఇంకా కొంచెం ఉంది. తిప్పు."